మానేసిన మూడో నెల

2004 సంక్రాంతి వెళ్లిన వారంలో మా మామయ్యలిద్దరూ మందు మానేశారు. ఒకే కడుపున పుట్టారు, ఒకే కొట్టు దగ్గర తాగారు, గుంటూరులో ఒకే డాక్టరు దగ్గర పక్కపక్క మంచాల మీద ఐదు రోజులు పడుకుని ఒకే బస్సులో ఇంటికొచ్చారు. తొలి రోజుల్లో ఇద్దరికీ తేడా తెలిసేది కాదు. అమ్మమ్మ టీ గ్లాసు సగానికే పోసి ఇచ్చేది, నిండా పోస్తే ఒలికిపోతుందని. ఇద్దరూ గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని, దాన్ని నోటి దాకా ఎత్తలేక తలే కిందికి వంచి తాగేవాళ్లు.

మూడో నెల వచ్చేసరికి ఆ ఇద్దరూ ఒకే జబ్బు నుంచి లేస్తున్నారంటే ఎవరూ నమ్మేట్టు లేరు. పెద్ద మామయ్య జిన్నింగు మిల్లులో గుమాస్తా. మాట తక్కువ, పని పొందిక. రాత్రి రెండింటికి లేచి పెరట్లో బావి గట్టు మీద కూర్చునేవాడు. ఎడమ చేతి మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టుకునేవాడు. పలకరిస్తే ‘ఊఁ’ అనేవాడు, అంతే. చిన్న మామయ్య లారీ నడిపేవాడు, పరిషత్తు నాటకాల్లో వేషం కట్టేవాడు. ఆయనకి నిద్ర పట్టకపోవడం బాధ కాదు, పొద్దుపోకపోవడమే బాధ. సైకిలేసుకుని ఊరంతా చుట్టి వచ్చి, చెప్పులు విప్పకుండానే ‘ఇప్పుడేం చేద్దాం అమ్మాయ్?’ అని నన్నడిగేవాడు. అప్పటికి తెల్లారి ఎనిమిది కూడా అయ్యేది కాదు.

‘తాగినప్పుడే నయం, నాలుగు మాటలన్నా మాట్లాడేవాడు’ అనేది పెద్దత్త. ‘తాగినప్పుడే నయం, ఓ చోట పడుండేవాడు’ అనేది చిన్నత్త. అదే డాక్టరు, అవే మాత్రలు, అదే మూడో నెల. అయినా ఒకామె మౌనానికి భయపడింది, ఇంకొకామె హడావుడికి భయపడింది. ఎందుకిలా అన్న ప్రశ్న నన్ను అప్పటి నుంచీ వదల్లేదు. వ్యసనం గురించి కనిపించినవి చదువుతూ, కనిపించినవాళ్లని అడుగుతూ వచ్చాను. తెలిసిందేమిటంటే, వ్యసనం వదిలే మొదటి వారం చాలావరకు శరీరానిది. ఆ తర్వాతి నెలలు మనిషి స్వభావానివి. మన ఇళ్లలో మొదటి వారానికి డాక్టరుంటాడు. మూడో నెలకి ఎవరూ ఉండరు.

మొదటి వారం

మద్యం మెదడు మీద బ్రేకులా పనిచేస్తుంది. ఏళ్ల తరబడి ఆ బ్రేకు రోజూ పడుతుంటే మెదడు తన సొంత బ్రేకుని సడలించి, యాక్సిలరేటరు గట్టిగా తొక్కడం అలవాటు చేసుకుంటుంది. మందు ఒక్కసారిగా ఆపితే మిగిలేది యాక్సిలరేటరే. చివరి గ్లాసు దిగిన ఆరేడు గంటలకి వణుకు, చెమటలు, వికారం మొదలవుతాయి. తర్వాత ఒకటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులకి కొద్దిమంది డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితిలోకి జారిపోతారు. ఒంటి మీద పురుగులు పాకుతున్నాయంటారు, గోడ మీద ఎవరో ఉన్నారంటారు, ఎక్కడున్నారో తెలియదు. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. అందుకే ఏళ్లుగా రోజూ తాగే మనిషిని గదిలో పెట్టి తాళం వేసి మాన్పిద్దామని ఇంట్లోవాళ్లు ఎప్పుడూ ప్రయత్నించకూడదు. ఆసుపత్రిలో మెదడుని నెమ్మదింపజేసే మందులిచ్చి, మోతాదు రోజుకింత తగ్గిస్తూ, బి1 విటమిన్ ఎక్కిస్తూ ఈ వారం దాటిస్తారు.

ఈ దశ ఎంత తీవ్రంగా ఉంటుందో చెప్పేవి ఎన్నేళ్లు తాగాడు, ఎంత తాగాడు, ఇంతకుముందు ఎన్నిసార్లు మానబోయి ఇలా పడ్డాడు, ఇంకే జబ్బులున్నాయి అన్న లెక్కలే. పిరికివాడా, ధైర్యవంతుడా అన్నది ఫిట్స్‌కి పట్టదు. అయితే ఇక్కడా స్వభావం సందు చూసుకుని దూరుతుంది. లక్షణాల తీవ్రత కొలవడానికి డాక్టర్లు పది అంశాలతో, మొత్తం 67 మార్కులతో ఒక కొలమానం వాడతారు. అందులో వణుకు, చెమట కంటికి కనిపించేవి. వికారం, తలనొప్పి, లోపలి ఆందోళన రోగి నోటితో చెప్పాలి. ‘బాగానే ఉంది’ అనడం తప్ప ఇంకో జవాబు తెలియని మనిషికి అక్కడ మార్కులు తగ్గే ప్రమాదముంది. పెద్ద మామయ్య డాక్టరుతో చెప్పింది ఆ ఒక్క మాటే. పక్క మంచం మీద చిన్న మామయ్య ఉండబట్టి సరిపోయింది. ‘మా అన్నయ్య అబద్ధమాడుతున్నాడు డాక్టరుగారూ, రాత్రంతా పళ్లు కొరుకుతూనే ఉన్నాడు’ అని ఆయనే చెప్పాడు.

ఈ మొదటి వారాన్ని మన తెలుగు నేల ఊళ్లకు ఊళ్లుగా చూసింది. 2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీ కల్లు మీద ఎక్సైజు దాడులు జరిగినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకి జనం బారులు కట్టారు. చెట్టు కల్లు అనుకుని వాళ్లు తాగుతూ వచ్చింది క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, ఆల్ప్రజోలామ్ లాంటి మత్తుమందులు కలిపిన నీళ్లు. అది ఆగగానే పొలం పనికి పోయేవాళ్లు, బీడీలు చుట్టే ఆడవాళ్లు కూడా ఫిట్స్‌తో, సంధి మాటలతో వచ్చిపడ్డారు. 2020 మార్చి చివర లాక్‌డౌనుతో దుకాణాలు మూతపడినప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు మళ్లీ అదే దృశ్యం. తాము ఒక మత్తుమందుకి బానిసలమయ్యామన్న సంగతే ఆ కల్లు తాగినవాళ్లలో చాలామందికి ఆ వారం దాకా తెలియదు.

ఒళ్లు కుదుటపడ్డాక

చేతులు వణకడం ఆగిపోతుంది. ఆకలి పుడుతుంది. చుట్టాలొచ్చి ‘రంగు తేలావు’ అంటారు. సరిగ్గా అప్పుడు రెండో బాధ మొదలవుతుంది. నిద్ర చెదురుతుంది, దేనిమీదా రుచి ఉండదు, మాట గుర్తుండదు, చిన్న దానికే కోపం ముంచుకొస్తుంది. అమెరికాలో టెరెన్స్ గోర్స్కీ అనే వ్యసన చికిత్సకుడు 1980ల్లో ఈ దీర్ఘకాలపు లక్షణాలకి ఒక పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చాడు. మానసిక వైద్యుల అధికారిక జబ్బుల పట్టికలో దానికింకా చోటు లేదు. అయినా మానినవాళ్లనెవరినైనా అడగండి, ఇవన్నీ వరసపెట్టి చెబుతారు. ఏళ్లుగా మత్తునే సంతోషమని నేర్చుకున్న మెదడుకి అట్టు మీద వెన్న, మనవరాలి నవ్వు మళ్లీ సంతోషంగా తోచడానికి నెలలు పడుతుంది.

ఈ లక్షణాలు అందరికీ కొద్దో గొప్పో ఉండేవే. వాటిని ఎవరు ఎలా అనుభవిస్తారన్న దగ్గర స్వభావం దిగుతుంది. కెనడాలో మాంట్రియల్‌లో పనిచేసే పట్రీషియా కాన్‌రాడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మత్తు వైపు లాగే నాలుగు గుణాల మీద చాలాకాలంగా పరిశోధిస్తున్నారు: నిరాశ, ఆందోళన అంటేనే భయపడే గుణం, దుడుకుతనం, కొత్త ఉత్సాహాల కోసం వెతుకులాట. ఆవిడ ఉద్దేశం బడి పిల్లల్ని ఈ దారి తొక్కకముందే ఆపడం. నాకు మాత్రం ఆ నాలుగు మాటలు మానేసినవాళ్లని అర్థం చేసుకోవడానికి పనికొచ్చాయి.

పెద్ద మామయ్యది రెండో గుణం. ఇలాంటి మనిషికి గుండె వేగంగా కొట్టుకుంటే అది నాలుగు మెట్లెక్కినందుకు అనిపించదు, గుండెపోటు అనిపిస్తుంది. చెయ్యి కాస్త వణికితే పక్షవాతం అనిపిస్తుంది. ఆ భయంతో గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. మందు మానిన నెలల్లో ఒంట్లో ఇలాంటి సణుగుడు రోజూ ఉంటుంది కాబట్టి, లోపలికి చెవి పెట్టి వినే స్వభావమున్నవాడికి ఆ కాలమంతా నరకమే. పైగా ఇంతకాలం ఆ భయాన్ని నోరు మూయించింది ఆ రెండు పెగ్గులే. ఆయనకి కావలసింది ‘ఏం కాదులే’ అన్న ఓదార్పు కాదు. ఆ మాట నమ్మే మనిషే అయితే రాత్రి రెండింటికి నాడి పట్టుకుని కూర్చోడు. ఒకరోజు డాక్టరు ఆయన్ని ఆసుపత్రి మెట్లు రెండుసార్లు ఎక్కించి దించి, అప్పుడు నాడి చూసుకోమన్నాడు. తర్వాత పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూసుకోమన్నాడు. 118 నుంచి 80కి దిగింది. గుమాస్తా గదా, అంకె కనబడేసరికి నమ్మాడు.

చిన్న మామయ్య బాధ వేరు. ఈ రకం మనిషికి దిగులు కంటే విసుగు ప్రమాదం. దుఃఖం కంటే సంతోషం ఇంకా ప్రమాదం. ఆ ఏడు మార్చి 29న ముల్తాన్‌లో సెహ్వాగ్ 300 దాటాడు. టెస్టుల్లో ఒక భారతీయుడు 300 కొట్టడం అదే మొదటిసారి. రచ్చబండ దగ్గర టీవీ ముందు మామయ్య ఎగిరి గంతేశాడు. ఆ గంతు నేల మీద పడకముందే కాళ్లు కొట్టు వైపు తిరిగాయని తర్వాత తనే చెప్పాడు. ‘బాధతో తాగాలనిపించలేదమ్మాయ్. ఇంత ఆనందం చేతిలో పెట్టుకుని ఎటు పోవాలో తెలియలేదు’ అన్నాడు. డెబ్బై రోజులుగా చుట్టాలంతా ఆయనకి ప్రశాంతంగా ఉండమని, గుడికెళ్లి కూర్చోమని చెబుతున్నారు. ఆయన కూర్చోలేడు. చివరికి ఆయన్ని నిలబెట్టింది నాటకం. ఆ వేసవికి పరిషత్తులో పెద్ద వేషం ఒప్పుకుని, రోజూ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా, అంటే కొట్టు దగ్గర కూర్చునే ఆ మూడు గంటలూ, రిహార్సలుకి ఇచ్చేశాడు.

దుడుకుతనం ఉన్నవాళ్ల సంగతి ఒక్క మాటలో చెప్పాలంటే, కోరిక పుట్టడానికీ గ్లాసు ఎత్తడానికీ మధ్య వాళ్లకి వ్యవధి ఉండదు. వాళ్ల దగ్గర సంకల్పం గురించి ఉపన్యాసం వృథా. జేబులో డబ్బు తక్కువ ఉండటం, ఇంటికొచ్చే దారి మార్చడం, ఆ వ్యవధిని పెంచే ఇలాంటి పనులే పనిచేస్తాయి. నిరాశ గుణం ఉన్నవాళ్ల గురించి మాత్రం తేలిగ్గా చెప్పలేను. మత్తు దిగాక వాళ్లకి జీవితం తేటగా కనిపించదు, శిథిలంగా కనిపిస్తుంది. చేసిన అప్పులు, పోయిన ఉద్యోగం, పిల్లల చూపు, అన్నీ ఒక్కసారి ఎదురొస్తాయి. మానిన మనిషి నోట ‘నేనుండి ఏం లాభం’ అన్న మాట వస్తే, అది వైరాగ్యమని సరిపెట్టుకోకండి. ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

71 రోజుల జమ

పెద్ద మామయ్య పాత మిల్లు పద్దు పుస్తకంలో రోజుకొక గీత గీసేవాడు. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా. 71 గీతలు పడ్డాక వేలువిడిచిన తమ్ముడి ఇంట్లో పెద్దకర్మ. ఎవరో గ్లాసు చేతికిచ్చారు. తాగాడు. మర్నాడు ఇంటికొచ్చి ఆ పేజీలన్నిటి మీదా ఎర్ర సిరాతో మూల నుంచి మూలకి కొట్టేశాడు. పన్నెండు రోజులు ఆగకుండా తాగాడు. ‘పోయిందిగా, ఇక లెక్కేంటి’ అన్నాడు.

పట్టింపు ఎక్కువ, తప్పు చేయడమంటే సహించలేని మనుషులకి ఇది పెద్ద గండం. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ మార్లట్ 1980ల్లో దీన్ని వివరంగా రాశాడు. మానుకున్నది ఒక్కసారి ముట్టినప్పుడు మనిషిని ముంచేది ఆ ఒక్క గుటక కాదు, దాని వెనకాలే వచ్చే ‘నేనింతే’ అన్న తీర్పు. సిగ్గు ఎంత పెద్దదైతే రెండో గ్లాసు అంత త్వరగా వస్తుంది. క్రమశిక్షణ ఉన్నవాళ్లు తేలిగ్గా మానేస్తారని మనమనుకుంటాం. మానడం వరకు అది నిజమే కావచ్చు. జారితే లేవడం దగ్గర ఆ క్రమశిక్షణే మెడకి గుదిబండ అవుతుంది.

గుంటూరు డాక్టరు ఆ పుస్తకం తెప్పించుకుని చూశాడు. నేనూ పక్కనే ఉన్నాను. ‘గుమాస్తాగారూ, మీ మిల్లులో ఒకరోజు నష్టమొస్తే మొత్తం ఏడాది పద్దు కొట్టేస్తారా?’ అని అడిగాడు. మామయ్య తల అడ్డంగా ఊపాడు. ‘71 రోజుల జమ ఎక్కడికీ పోలేదు. 13 రోజులు ఖర్చు రాయండి. నిలవ ఎంతో తేల్చి కింద సంతకం పెట్టండి.’ మామయ్య అక్కడే కూర్చుని రాశాడు. నిలవ 58. రాసి, చాలాసేపు తలెత్తలేదు. డాక్టరు తొందరపెట్టలేదు.

నలుగురిలో చెప్పుకోవడం

మనుషుల్ని అంతర్ముఖులు, బహిర్ముఖులు అని విడదీసి చెప్పిన స్విస్ మానసిక వైద్యుడు కార్ల్ యుంగ్ పుస్తకం 1921లో వచ్చింది. అదే యుంగ్ దగ్గరికి రోలాండ్ హజార్డ్ అనే ఒక అమెరికన్ తాగుడు మాన్పించమని వెళ్లాడు. వైద్యంతో నీకు నయం కాదు, లోపల ఆధ్యాత్మికమైన మార్పేదో రావాలి అని యుంగ్ అతనికి చెప్పాడు. ఆ మాట ఒకరి నుంచి ఒకరికి చేరి బిల్ విల్సన్ అనే మరో తాగుబోతు దాకా వచ్చింది. విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్‌తో కలిసి 1935లో ఓహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలుపెట్టాడు. 1961 జనవరిలో విల్సన్ కృతజ్ఞతగా యుంగ్‌కి ఉత్తరం రాస్తే, యుంగ్ జవాబిచ్చాడు. కొన్ని నెలలకే ఆయన పోయాడు.

మానినవాళ్లు నలుగురిలో లేచి తమ కథ చెప్పుకునే ఆ సంఘం సమావేశాలు ఇప్పుడు మన ఊళ్లలోనూ తెలుగులో జరుగుతున్నాయి. చిన్న మామయ్యకి అవి పండగ. లేచి నిలబడి తన కథ చెబుతుంటే పది మంది ఏడ్చారు. పెద్ద మామయ్య ఒక్కసారి వెళ్లి, చివరి బెంచీలో కూర్చుని, తన వంతు రాకముందే లేచొచ్చాడు. ‘సిగ్గు లేకుండా ఎలా చెబుతార్రా’ అన్నాడు. ఊళ్లో మాత్రం, ‘తమ్ముడికి మానాలని ఉంది, అన్నకి లేదు’ అని తీర్మానించారు. అంతకంటే అన్యాయమైన మాట నేను వినలేదు. ఆ తర్వాత ఆ సమావేశం నుంచే ఒక రిటైరైన పోస్టుమాస్టరుగారు ప్రతి ఆదివారం ఇంటికొచ్చేవారు. ఇద్దరూ బావి గట్టు మీద కూర్చుని వక్కలు కత్తిరించేవాళ్లు. మాట్లాడుకోవడం నేను పెద్దగా వినలేదు. మామయ్యకి అదే సమావేశం.

అంటే మనిషి రకాన్ని బట్టి వైద్యం నిర్ణయించవచ్చా? ఈ ఆశతోనే అమెరికాలో ప్రాజెక్ట్ మ్యాచ్ అని పెద్ద పరిశోధన చేశారు. 1,726 మందిని మూడు రకాల చికిత్సల్లోకి పంచి, ఏ స్వభావానికి ఏది నప్పుతుందో చూశారు. 1997లో ఫలితాలొచ్చాయి. అనుకున్న జోడింపులు చాలావరకు నిలబడలేదు. మూడు చికిత్సల్లోనూ మనుషులు బాగుపడ్డారు, ఇంచుమించు సమానంగా. ఒకటి రెండు చోట్ల మాత్రం తేడా కనిపించింది. కోపం ఎక్కువున్నవాళ్లకి, వాదించకుండా వాళ్ల నోటితోనే మానాల్సిన కారణాలు చెప్పించే పద్ధతి మెరుగ్గా పనిచేసింది. నేను దీన్నుంచి తీసుకున్నది ఇది: ఏ స్వభావమూ నయం కానిది కాదు. ‘వీడి బుద్ధే అంత, వీడు మానడు’ అని చెప్పే హక్కు ఏ శాస్త్రమూ ఎవరికీ ఇవ్వలేదు. తాగుడుకి పుట్టినవాడు అంటూ ఒక ప్రత్యేకమైన మనస్తత్వం ఉన్నట్టు ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మానిన తొలి వారాల్లో కనిపించే మనిషి అసలు మనిషి కాకపోవచ్చు. ఆ చిరాకు, ఆ దిగులు మందు ఆపినందువల్ల వచ్చినవి కావచ్చు. అందుకే మంచి మానసిక వైద్యులు స్వభావం మీద, దిగులు జబ్బు మీద ముద్ర వేయడానికి కొన్ని వారాలు ఆగుతారు. సెల్‌ఫోనులో పది ప్రశ్నలకి జవాబు కొట్టి ‘నాది ఫలానా టైపు’ అనుకునే పరీక్షల్ని నమ్ముకుని, నాకు సమావేశాలు సరిపడవు, నాకు మందులు సరిపడవు అని తప్పుకునేవాళ్లని ఈమధ్య చూస్తున్నాను. తనని తాను తెలుసుకోవడం చికిత్సకి దారి చూపాలి గానీ, తప్పించుకునే సాకు కాకూడదు.

సాయంత్రం ఏడింటికి

మా ఇద్దరత్తలూ ఒక పని మాత్రం ఒకేలా చేసేవాళ్లు. రిహార్సళ్లు మొదలవ్వక ముందు, సాయంత్రం ఏడింటికి మొగుడు గుమ్మంలోకి రాగానే దగ్గరికెళ్లి నోరు వాసన చూసేవాళ్లు. చిన్న మామయ్య గుమ్మం బయట నుంచే ‘రావే, చూసుకో’ అని హా అని ఊదేవాడు. పిల్లలు నవ్వేవాళ్లు. ఆయనకి అది రోజూ గెలిచే పందెం. పెద్ద మామయ్య రాయిలా నిలబడి ఊదేవాడు. తర్వాత అన్నం తినేవాడు కాదు. చాలా ఏళ్లకి నాతో అన్నాడు: ‘మిల్లులో నలభై ఏళ్లు నా పద్దు ఎవరూ తిరిగి చూడలేదు. ఇంట్లో రోజూ నా నోరు చూశారు.’ పెద్దత్తని తప్పుపట్టలేను. ఇరవై ఏళ్లు భయంతో బతికిన మనిషి ఆమె. తాగేవాళ్ల ఇంట్లోవాళ్లకి కూడా ఆసరా కావాలని అల్-అనాన్ అనే వేరే బృందం 1951లోనే పుట్టింది. ఆమెకి ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు.

ఎయిమ్స్ వైద్యులు కేంద్ర ప్రభుత్వం కోసం చేసిన, 2019లో వెలువడిన సర్వే ప్రకారం దేశంలో మద్యం వల్ల సహాయం అవసరమైన స్థితిలో ఉన్నవాళ్లు 5 కోట్ల 70 లక్షల మంది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందింది. మా మామయ్యలు ఆ ఒక్కరిలో పడ్డారు. పెద్దాయన ఆ తర్వాత మరొకసారి జారి లేచాడు, చిన్నాయన రెండుసార్లు. పద్దు పుస్తకం ఇప్పటికీ మా అమ్మ బీరువాలో ఉంది.

మీ ఇంట్లో ఎవరైనా మానబోతుంటే, లేదా మాని కొట్టుమిట్టాడుతుంటే, వ్యసన విముక్తికి జాతీయ హెల్ప్‌లైను 14446. దిగులు, భయం, చావు ఆలోచనలు ఉంటే టెలి మానస్ 14416. రెండూ ఉచితమే, 14416లో తెలుగులో మాట్లాడవచ్చు. ఫోన్ చేసినప్పుడు ఎన్నేళ్ల నుంచి, ఎంత తాగుతున్నాడో చెబుతారు కదా. దాంతోపాటు, మానిన రోజుల్లో రాత్రి రెండింటికి ఏం చేస్తాడో, సాయంత్రం ఆరింటికి ఎలా ఉంటాడో కూడా చెప్పండి. అది చూసినవాళ్లు మీరే.